కాపురానికి ఏ ఊరు చల్లన?

చీపురుపల్లి హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం మీద, విజయనగరానికీ శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకూ నడుమ ఉన్న ఊరు. చదువు ముగించుకున్న యువకులు, ఇళ్ళు కట్టే పనులకు పోయే మేస్త్రీలు, ఉద్యోగ విరమణ చేసి పిల్లల దగ్గర ఉండదలచిన పెద్దలు ఈ ప్రాంతం నుండి ఏటా నగరాలకు తరలిపోతూనే ఉన్నారు. వారందరి ముందూ ఉన్న ప్రశ్న ఒక్కటే. ఎక్కడ కాపురం పెట్టాలి? విశాఖపట్నమా, విజయవాడా, హైదరాబాదా, బెంగుళూరా, లేక దగ్గరనున్న విజయనగరం చాలునా?

ఉద్యోగం, ఇంటి అద్దె, పిల్లల చదువు, ఆసుపత్రి, ఇవన్నీ విచారించవలసినవే. వీటితోపాటు, "అక్కడ ఎండలు ఎలా ఉంటాయి?" అని కూడ ప్రతివారూ అడుగుతారు. అందుకు సాధారణంగా లభించే సమాధానం ఒక అంకె. ఫలానా ఊళ్ళో మే నెలలో 34 డిగ్రీలు, ఫలానా ఊళ్ళో 42 డిగ్రీలు అంటారు. 34 డిగ్రీల ఊరు చల్లన, 42 డిగ్రీల ఊరు వేడి అని మనం నిశ్చయించుకుంటాం. కాని ఈ అంకె సగం సంగతి మాత్రమే చెబుతుంది. రెండవ సగం గాలిలోని తేమలో ఉన్నది. మన ఒంటికి కలిగే బాధ, రాత్రి పట్టే నిద్ర, చివరకు నెలనెలా వచ్చే కరెంటు బిల్లు సైతం ఈ రెండవ సగం మీదనే ఎక్కువగా ఆధారపడి ఉన్నవి. అది ఎట్లాగో చూద్దాం.

కుండలో నీరు ఎందుకు చల్లబడుతుంది?

వేసవి రాగానే మన ఇళ్ళలో కొత్త కుండ వెలుస్తుంది. కుండ గోడలలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి, ఆవిరి అవుతుంది. నీరు ఆవిరి కావాలంటే వేడిమి కావాలి. ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి సుమారు 580 కేలరీల వేడిమి అవసరం. దీనినే గుప్తోష్ణం అంటారు. ఆ వేడిమిలో ఎక్కువ భాగాన్ని నీరు కుండ నుండే తీసుకుంటుంది. అందువల్ల లోపల మిగిలిన నీరు చల్లబడుతుంది.

అయితే ఈ కుండ అన్ని ఊళ్ళలోనూ ఒకే విధంగా పనిచేయదు. అనంతపురంలోను, కర్నూలులోను ఎండ మండిపోతున్నప్పుడు కుండలోని నీరు హాయిగా చల్లబడుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న భీమునిపట్నంలో అదే కుండ, అదే ఇసుకలో పెట్టినా నీరు అంతగా చల్లబడదు. పొడిగాలి ఆవిరిని ఆశగా పీల్చుకుంటుంది. తేమగాలి కడుపు అప్పటికే సగానికి పైగా నిండి ఉంటుంది కనుక అది ఆవిరిని తీసుకోవటానికి అంతగా తొందరపడదు.

మన శరీరం కూడ ఒక విధమైన కుండయే.

చెమట చేసే పని

మనిషి ఊరకనే కూర్చున్నా అతని శరీరంలో సుమారు 100 వాట్ల వేడిమి పుడుతూనే ఉంటుంది. అనగా ఒక పాతకాలపు పెద్ద విద్యుద్దీపం ఇచ్చేటంత వేడిమి. పార పట్టి మట్టి తవ్వే కూలివాని ఒంట్లో దీనికి మూడు నాలుగు రెట్లు పుడుతుంది. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలంటే, పుట్టిన వేడిమి అంతా ఎప్పటికప్పుడు బయటికి పోవలసిందే.

చుట్టూ ఉన్న గాలి చల్లగా ఉన్నప్పుడు ఆ వేడిమి చర్మం నుండి తనంతట తానే గాలిలోకి పోతుంది. కాని చర్మపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల దాపున ఉంటుంది. గాలి కూడ 35 డిగ్రీలకు చేరితే ఆ దారి మూసుకుపోతుంది. గాలి 42 డిగ్రీలు ఉన్నప్పుడు వ్యవహారం తలక్రిందులై, గాలిలోని వేడిమే శరీరంలోనికి ప్రవేశిస్తుంది. అప్పుడు మిగిలిన దారి చెమట ఒక్కటే. 100 వాట్ల వేడిమిని చెమట ద్వారానే వదిలించుకోవాలంటే గంటకు సుమారు 150 గ్రాముల చెమట ఆవిరి కావాలి.

ఇక్కడ ఒక ముఖ్య విషయాన్ని గుర్తుంచుకోవాలి. చెమట పట్టటం వల్ల ఒళ్ళు చల్లబడదు. పట్టిన చెమట ఆరటం వల్ల చల్లబడుతుంది. ధారగా కారి నేలమీద పడిన చెమట వల్ల శరీరానికి నీరు, ఉప్పు నష్టం కావటమే తప్ప ప్రయోజనం చాల తక్కువ. దానినే మనం ఉక్కపోత అంటాం.

ఒకే అంకె, రెండు ఊళ్ళు

చర్మాన్ని అంటిపెట్టుకొని ఉన్న 35 డిగ్రీల గాలిపొర, చెమటతో పూర్తిగా నిండినప్పుడు, ఘనమీటరుకు సుమారు 40 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకుంటుంది. బయటి గాలిలో ఆవిరి దీనికంటె ఎంత తక్కువగా ఉంటే చెమట అంత వేగంగా ఆరుతుంది.

విశాఖపట్నంలో మే నెలలో సగటు పగటి ఉష్ణోగ్రత 34, 35 డిగ్రీల మధ్య ఉంటుంది. బెంగుళూరులో ఏప్రిల్ నెలలో కూడ సగటు పగటి ఉష్ణోగ్రత 34 డిగ్రీల దాపునే ఉంటుంది. పత్రికలో అంకె చూసినవారికి రెండు ఊళ్ళూ ఒకటే. కాని విశాఖ గాలిలో సాపేక్ష ఆర్ద్రత మధ్యాహ్నం కూడ 70 శాతం దాపున ఉంటుంది. బెంగుళూరులో ఏప్రిల్ మధ్యాహ్నం అది ఇందులో సగం మాత్రమే.

34 డిగ్రీల గాలి ఘనమీటరుకు ఎక్కువలో ఎక్కువ 37 లేక 38 గ్రాముల ఆవిరిని ఇముడ్చుకోగలదు. 70 శాతం తేమ అంటే అందులో 26 గ్రాములు ఉన్నట్లు. 35 శాతం అంటే 13 గ్రాములు. చర్మం దగ్గరి 40 గ్రాములతో పోల్చి చూస్తే, విశాఖలో తేడా 14 గ్రాములు, బెంగుళూరులో 27 గ్రాములు. అనగా చెమట ఆరటానికి రెండవ ఊళ్ళో ఉన్న వెసులుబాటు మొదటి ఊళ్ళో కంటె ఇంచుమించు రెండింతలు. ఉష్ణమాపకం ఈ తేడాను బొత్తిగా చూపదు.

తడి బల్బు

దీనిని చూపే పరికరం మన హైస్కూలు ప్రయోగశాలలోనే ఉన్నది. ఉష్ణమాపకపు బల్బుకు నీటితో తడిపిన నూలుగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే, నీరు ఆవిరి అవుతూ బల్బును చల్లబరుస్తుంది. అది ఇక దిగకుండా నిలిచిన అంకెను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. ప్రక్కనే గుడ్డ చుట్టని మరొక ఉష్ణమాపకం ఉంటే అది చూపేది పొడి బల్బు ఉష్ణోగ్రత. ఆరుతున్న చెమట చల్లదనాన్ని ఎంతవరకు ఇవ్వగలదో తడి బల్బు చెబుతుంది.

మూడు రకాల వేసవి మధ్యాహ్నాలను తీసుకుందాం. గాలి 34 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్న తీరపట్నంలో తడి బల్బు 29 డిగ్రీలు చూపుతుంది. గాలి 34 డిగ్రీలు, తేమ 35 శాతం ఉన్న పీఠభూమి నగరంలో 22, 23 డిగ్రీలు చూపుతుంది. గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న లోతట్టు పట్నంలో 24 డిగ్రీలు చూపుతుంది. మూడవ ఊరు పొడి బల్బులో మొదటి ఊరికంటె 8 డిగ్రీలు ఎక్కువ, తడి బల్బులో 5 డిగ్రీలు తక్కువ!

అంతమాత్రాన 42 డిగ్రీల ఎండ నిరపాయమని భావించరాదు. పొడి వేడిలో చెమట పట్టినట్లే తెలియకుండా ఆరిపోతుంది. తెలియకుండానే శరీరంలోని నీరు హరించుకుపోతుంది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు. అయితే పొడి వేడికి నీడ, నీళ్ళు, మజ్జిగ, తడిగుడ్డ వంటి చౌకైన ఉపాయాలున్నవి. తేమతో కూడిన వేడికి ఈ ఉపాయాలు అంతగా పనిచేయవు. తడి బల్బు 35 డిగ్రీలకు చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా నీడలో కూర్చుని కూడ కొన్ని గంటలకు మించి బ్రతకలేడని 2010లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువతీయువకులపై జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడినవి. తేమగాలిలో వారి శరీరం సుమారు 31 డిగ్రీల తడి బల్బు దగ్గరనే తన ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుకోలేకపోయిందని వాటి సారాంశం. తీరపట్నంలో మనం చూసిన 29 ఈ హద్దుకు ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి.

సముద్రపు గాలి

"సముద్రం దగ్గర చల్లగా ఉంటుంది గదా!" అనవచ్చును. అది కూడ నిజమే. నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నిదానంగా వేడెక్కుతుంది. ఉదయం పది, పదకొండు గంటలకు నేలమీది గాలి వేడెక్కి తేలికై పైకి లేవగా, ఆ చోటు నింపటానికి సముద్రం మీది గాలి ఒడ్డుకు వస్తుంది. విశాఖపట్నంలో మే నెల ఉష్ణోగ్రత సాధారణంగా 35 డిగ్రీలు దాటకపోవటానికి కారణం ఈ గాలియే. ఇదివరలో ఐరోపావారు విశాఖ పాతపట్నం విడిచి వాల్తేరు మెట్టమీద బంగళాలు కట్టుకున్నది కూడ ఈ గాలిని ఆశించియే.

అయితే ఈ గాలి చల్లదనాన్ని ఉచితంగా తేదు, తేమను కూడ వెంట తెస్తుంది. ఒంటికి గాలి తగులుతున్నంతసేపు హాయిగానే ఉంటుంది. ఎందుకంటే వీచే గాలి చర్మం దగ్గరి తడి పొరను తొలగించి చెమటను ఆర్పుతుంది. గాలి ఆగిందా, ఉక్కపోత ఆరంభం. కనుక తీరపట్నంలో సముద్రంవైపు కిటికీ ఉన్న ఇంటికీ, నాలుగు ప్రక్కలా మేడలు మూసివేసిన ఇంటికీ చాల వ్యత్యాసం ఉంటుంది.

చీపురుపల్లి సముద్రానికి రమారమి 30 కిలోమీటర్ల దూరాన ఉన్నది. తీరంలో ఉదయం మొదలైన గాలి ఇక్కడికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఈలోగా నేల బాగా కాగుతుంది. కనుక ఇక్కడ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత విశాఖ కంటె ఎక్కువగా ఉండి, సాయంత్రానికి గాలి తిరుగుతుంది. పడమటి గాలి బలంగా వీచే రోహిణి కార్తె రోజులలో సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు. ఆ రోజులలో విశాఖపట్నంలో సైతం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటటం ఉన్నది.

ఎత్తైన ఊళ్ళు

సముద్ర మట్టం నుండి ఎత్తుకు పోయినకొద్దీ గాలి చల్లబడుతుంది. కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందని లెక్క. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ లెక్కన అది ఎత్తువల్ల మూడున్నర డిగ్రీల లాభం పొందుతున్నది. బెంగుళూరు 900 మీటర్లకు పైన ఉన్నది కాబట్టి దాని లాభం ఆరు డిగ్రీలు. మన జిల్లాల వెనుకనున్న తూర్పు కనుమలలోని అరకులోయ ఎత్తు కూడ 900 మీటర్ల పైమాటే. మదనపల్లె ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలి చికిత్సయే క్షయకు ముఖ్యమైన చికిత్సగా భావించిన రోజులలో, 1915లో, ఆ ఊరి సమీపంలోని ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆసుపత్రి వెలసింది.

మరి హైదరాబాదులో మే నెలలో 39, 40 డిగ్రీల ఎండ ఎందుకు కాస్తుంది? సముద్రం దూరం కావటం చేత దానిని చల్లబరిచే గాలి లేదు. కాని ఆ దూరమే గాలిని పొడిగా ఉంచుతుంది. పొడిగాలి రాత్రివేళ మరొక మేలు చేస్తుంది. సూర్యాస్తమయం తరువాత నేల తన వేడిమిని కంటికి కనబడని కిరణాలుగా ఆకాశంలోకి వదులుతుంది. గాలిలో నీటి ఆవిరి ఎక్కువగా ఉంటే అది ఈ కిరణాలను పట్టి, కొంత వేడిమిని తిరిగి నేలకే పంపుతుంది. అందువల్ల మే నెలలో విశాఖపట్నంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల దగ్గర ఆగిపోగా, బెంగుళూరులో 21, 22 వరకు దిగుతుంది. పగలంతా పనిచేసిన శరీరం కోలుకునేది రాత్రి నిద్రలోనే గనుక, ఊరు ఎంచుకునేవారు పగటి గరిష్ఠంతోపాటు రాత్రి కనిష్ఠాన్ని కూడ విచారించాలి.

విజయవాడ పరిస్థితి వేరు. సముద్రం 70 కిలోమీటర్ల దాపున ఉండటం వల్ల చల్లనిగాలి ఆలస్యంగా, బలహీనంగా వస్తుంది. ఎత్తు లేదు. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. కృష్ణ, కాలువలు, వరిచేలు ఉన్నందున గాలి రాయలసీమలోవలె పొడిగా కూడ ఉండదు. ఎండ, ఉక్క రెండూ అక్కడ పంచుకోవలసినవే.

కూలరు పనిచేసే ఊరు, పనిచేయని ఊరు

ఇప్పుడు ఖర్చు సంగతికి వద్దాం. గడ్డిపరదాల మీద నీరు పోసి గాలిని లోపలికి పంపే కూలరు, పైన చెప్పిన కుండ సూత్రం మీదనే పనిచేస్తుంది. అది గాలిని తడి బల్బు ఉష్ణోగ్రత వైపు దించగలదు గాని అంతకంటె క్రిందికి దించలేదు. మంచి కూలరు పొడి, తడి బల్బుల మధ్య ఉన్న తేడాలో నూటికి 80 వంతుల వరకు దించగలదు.

పైన చెప్పిన మూడు ఊళ్ళలో దానిని నడిపి చూద్దాం. 42 డిగ్రీల లోతట్టు పట్నంలో తేడా 18 డిగ్రీలు. కూలరు గాలిని 28 డిగ్రీలకు దించుతుంది. 34 డిగ్రీల పీఠభూమి నగరంలో 25 డిగ్రీలకు దించుతుంది. 34 డిగ్రీల తీరపట్నంలో తేడా 5 డిగ్రీలే. గాలి 30 డిగ్రీలకు దిగుతుంది, కాని గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. పంకాకంటె అది చేసే మేలు అతిస్వల్పం. కనుక తీరపట్నంలో పంకాతో సరిపెట్టుకోవాలి, లేదా ఏ.సి. కొనాలి. మధ్యస్థమైన చౌక ఉపాయం అక్కడ లేదు.

ఏ.సి. కూడ తేమగల ఊళ్ళో అదనపు చాకిరి చేస్తుంది. దాని గొట్టం నుండి చుక్కలుగా కారే నీరు గదిలోని గాలి నుండి పిండినదే. ఒక లీటరు ఆవిరిని నీరుగా మార్చటానికి ఆ యంత్రం 580 కిలోకేలరీల వేడిమిని బయటికి తోడాలి. ఒక టన్ను ఏ.సి. గంటకు ఒక లీటరు నీరు పిండుతున్నదంటే, దాని శక్తిలో అయిదవ వంతు గాలిని చల్లబరచటానికి గాక ఎండబెట్టటానికే వ్యయమవుతున్నదన్నమాట.

లెక్కకోసం రాత్రి 8 గంటల వాడకం తీసుకుందాం. 75 వాట్ల పంకాకు 0.6 యూనిట్లు, 200 వాట్ల కూలరుకు 1.6 యూనిట్లు అవుతాయి. గంటకు సగటున ఒక యూనిట్ తీసుకునే ఏ.సి.కి 8 యూనిట్లు అవుతాయి. నెలకు వరుసగా 18, 48, 240 యూనిట్లు. పైగా వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర కూడ పెరిగే పద్ధతి మన రాష్ట్రంలో ఉన్నది. కూలరుతో రెండు మూడు నెలలు గడిచే ఊరికీ, ఏ.సి.తో ఆరు నెలలు గడపవలసిన ఊరికీ అద్దె సమానంగా ఉన్నంతమాత్రాన ఖర్చు సమానమని చెప్పలేము. అద్దెలో మిగిలిన రూపాయి కరెంటులో పోవచ్చును.

ఇంటి కప్పు

ఊరు ఒకటే అయినా ఇల్లు ఇంటికి వేడి మారుతుంది. వేసవి మధ్యాహ్నం సూర్యకాంతి చదరపు మీటరుకు ఇంచుమించు 1,000 వాట్ల శక్తిని తెస్తుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల చిన్న గది కప్పుమీద పడేది సుమారు 9 కిలోవాట్లు. అనగా తొమ్మిది విద్యుత్ పొయ్యిలు కప్పుమీద వెలిగించినట్లు! రేకుల కప్పు ఈ వేడిమిని క్షణాలలో లోపలికి దించుతుంది. నాలుగైదు అంగుళాల సిమెంటు శ్లాబు దానిని దాచుకొని, మనం పడుకునే వేళకు దించుతుంది. చిట్టచివరి అంతస్తులోని వాటాకు అద్దె తక్కువగా ఉండటానికి ఒక కారణం ఇదే.

మన ప్రాంతంలో పూర్వం కట్టుకున్న చుట్టిళ్ళకు దళసరి మట్టిగోడలు, మందమైన తాటాకు లేక గడ్డి కప్పు ఉండేవి. ఆకుల మధ్య చిక్కుకున్న గాలి వేడిమిని లోపలికి రానీయదు. ఇప్పుడు మనమందరం చుట్టిళ్ళలో ఉండలేము. కాని శ్లాబుమీద తెల్లని సున్నపు పూత వేయగలం. శుభ్రమైన తెల్లపూత ఎండలో సగానికి పైగా వెనుకకు పంపుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇటువంటి చల్లని కప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానాన్నే ప్రకటించింది.

నగరం కూడ ఒక పెద్ద శ్లాబు వంటిదే. చెట్లు, చెరువులు తగ్గి, తారురోడ్లు, మేడలు పెరిగిన చోట రాత్రి ఉష్ణోగ్రత చుట్టుప్రక్కల పల్లెలకంటె ఎక్కువగా ఉంటుంది. లండన్ నగరంలో ఈ తేడాను ల్యూక్ హోవర్డ్ అనే ఆయన రెండువందల ఏండ్ల క్రితమే కొలిచి ప్రకటించాడు. కనుక ఒక నగరంలోనే చెట్లున్న పేటకు, చెట్లు లేని పేటకు వేడిలో తేడా ఉంటుంది. విజయనగరం, చీపురుపల్లి వంటి చిన్న ఊళ్ళకు ఈ విషయంలో పెద్ద నగరాలమీద మొగ్గు ఉన్నది.

నీరు, తుఫాను

చల్లని ఊరు చౌక ఊరు కాకపోవచ్చును. బెంగుళూరులో 2024 వేసవిలో నీటి ఎద్దడి ఏర్పడి అనేక పేటలు ట్యాంకర్ల మీద ఆధారపడవలసివచ్చింది. చెన్నైలో 2019లో అంతకంటె తీవ్రమైన కరువు వచ్చింది. ఎత్తున ఉన్న నగరానికి నీటిని దూరపు నదుల నుండి తోడి ఎత్తవలసి ఉంటుంది. ఆ ఖర్చు ఏదో ఒక రూపంలో గృహస్థుని మీదనే పడుతుంది. కూలరుకు కూడ నీరు కావాలన్న సంగతి మరువరాదు.

సముద్రతీరపు వెచ్చదనానికి మరొక మూల్యమున్నది. వెచ్చని సముద్రమే తుఫానులకు ఆహారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస ప్రాంతాన్ని దెబ్బతీసింది. తీరంలో రేకుల ఇంటికి అద్దె తక్కువని పోయేవారు వేసవిలో వేడికి, అక్టోబరులో గాలికి రెండుసార్లు మూల్యం చెల్లించవలసిరావచ్చు.

లెక్క ఎలా కట్టాలి?

ఇంతవరకు చెప్పినదానిని బట్టి "ఫలానా ఊరే మంచిది" అని అందరికీ ఒకే తీర్పు చెప్పటం కుదరదు. మనిషిని బట్టి తీర్పు మారుతుంది.

చలికి ఓర్వలేని పెద్దవారికి, పగలు ఇంటి పట్టున ఉండేవారికి తీరపట్నం అనుకూలమే. జనవరిలో కూడ అక్కడ చలి బాధించదు. అయితే గాలి ధారాళంగా వచ్చే ఇల్లు, పై అంతస్తులేని శ్లాబు కాని ఇల్లు చూసుకోవాలి. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసే మేస్త్రీకి, కూలివానికి తడి బల్బు ఎక్కువగా ఉన్న ఊరు అపాయకరం. అతనికి మధ్యాహ్నపు విరామం, నీడ, త్రాగునీరు ఇచ్చే యజమాని ఉన్న చోటే మంచి ఊరు. చిన్న జీతంతో చదువుకునే పిల్లలున్న కుటుంబానికి రాత్రి చల్లబడే, కూలరుతో గడిచే ఊరు ఆదా. ఉద్యోగం విశాఖపట్నంలో ఉన్నా, సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని చీపురుపల్లిలోనో, దారిలోని విజయనగరంలోనో సొంత ఇల్లు ఉన్నవారు, రైలు ప్రయాణానికయ్యే డబ్బును, కాలాన్ని ఒకప్రక్క, అద్దెను, కరెంటును మరొకప్రక్క వేసి తూచి చూడాలి.

అందరికీ వర్తించే సూత్రం మాత్రం ఒకటున్నది. అద్దె, కరెంటు, నీరు, ప్రయాణం, ఈ నాలుగింటిని మే నెలకు ఒకసారి, డిసెంబరుకు ఒకసారి లెక్క కట్టి, రెంటినీ కలిపి చూడాలి. శీతాకాలంలో ఇల్లు చూసి బయానా ఇచ్చేవారు సగం లెక్క మాత్రమే చూసినవారవుతారు.

పాఠశాలలో చేయదగిన ప్రయోగం

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని విద్యార్థులచేత స్వయంగా పరీక్షింపజేయవచ్చును. ఒకే అంకె చూపే రెండు ప్రయోగశాల ఉష్ణమాపకాలు తీసుకోండి. ఒకదాని బల్బుకు పలుచని నూలుగుడ్డ చుట్టి, దాని కొసను నీరున్న చిన్న సీసాలో ముంచండి. రెండింటినీ నీడలో, నేలకు నాలుగడుగుల ఎత్తున వ్రేలాడదీసి, అయిదు నిమిషాలు విసనకర్రతో బాగా విసరండి. తడి బల్బు అంకె ఇక దిగకుండా నిలిచినప్పుడు రెండు అంకెలను వ్రాసుకోండి. తెల్లవారి ఆరు గంటలకు, మధ్యాహ్నం రెండు గంటలకు, రాత్రి తొమ్మిది గంటలకు వారం రోజులపాటు ఇట్లా చేయాలి.

రెండు అంకెల మధ్య తేడా 10 డిగ్రీలు, అంతకు మించి ఉన్న రోజున ఆ ఊళ్ళో కూలరు బాగా పనిచేస్తుంది. తేడా 5 డిగ్రీలు, అంతకు లోపు ఉన్న రోజున పనిచేయదు. రాత్రి తొమ్మిది గంటలకు గదిలోను, ఆరుబయటను పొడి బల్బు అంకెలు పోల్చి చూడండి. గది ఎంత ఎక్కువ వేడిగా ఉంటే ఆ ఇంటి కప్పు అంత వేడిమిని దాచుకున్నదని గ్రహించాలి. రేకుల ఇంట్లో, పెంకుటింట్లో, శ్లాబు ఇంట్లో ఉండే విద్యార్థులు తమ తమ అంకెలను ఒకే పట్టికలో వ్రాస్తే, తరగతికి వేరే పాఠం అక్కరలేదు.

భారత వాతావరణ శాఖ పరిశీలన కేంద్రాలు విశాఖపట్నంలోను, కళింగపట్నంలోను ఉన్నవి. ఉదయం 8.30కు, సాయంత్రం 5.30కు గాలిలో తేమ ఎంత ఉన్నదో ఆ శాఖ ప్రకటిస్తుంది. తమ అంకెలను విద్యార్థులు వాటితో సరిపోల్చుకోవచ్చును. తీరానికి, తమ ఊరికి గల తేడా అప్పుడు వారికే స్పష్టమవుతుంది.

కాపురానికి ఊరు వెదకే కుటుంబానికి ఈ పరికరం ఖర్చు పెద్ద భారం కాదు. వేసవిలో ఒక్కరోజు, అద్దెకు తీసుకోదలచిన ఇంట్లోనే, ఈ రెండు ఉష్ణమాపకాలను ఒకసారి వ్రేలాడదీసి చూడటం మంచిది. పత్రికలోని అంకె ఆ ఊరి గాలి ఎంత వేడిగా ఉన్నదో చెబుతుంది. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం ఆ ఇంట్లో మనిషి ఎట్లా బ్రతుకుతాడో చెబుతుంది.